మొదటి ఫ్రేము

పాలు పొంగేలోపు ఒక్కసారి చూద్దామని ఫోను తెరిచిన ఉషారాణికి, పదకొండు నెలలుగా తను తీసి అమ్మకానికి పెట్టిన నలభై ఏడు ఫొటోలూ తన ఖాతాలోంచి మాయమై కనిపించాయి.

వాటి చోట ఒక ఉత్తరం ఉంది. ఇంగ్లీషులో, మర్యాదగా, చల్లగా. ఫొటోలు మాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని మీరు ఒప్పుకున్నారు. అవే ఫొటోలు వేరే సైటులో, వేరే పేరుతో, అడిగినవాళ్ళకల్లా ఊరికే దొరుకుతున్నాయని మాకు తెలిసింది. ఇవి మీరు తీసినవేనని పది రోజుల్లో రుజువు చూపండి. కెమెరా మీ పేరున లేకపోతే, దాని సొంతదారు ఆ మాటే చెప్పి సంతకం చేసిన కాగితం పంపండి. లేదంటే ఖాతా మూసేస్తాం. ఆ తర్వాత ఈ పేరుతో మా దగ్గరికి రావడానికి వీలుండదు.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"ఏమ్మే ఉషా, పాలు పొయ్యికి తాపిస్తాండావా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?" అంది వసారాలో కూర్చున్న అత్త సిద్ధమ్మ.

ఉషారాణి పొయ్యి తుడిచింది. చేతులు వాటంతటవే తుడిచాయి. మనసులో మాత్రం ఒకే పేరు తిరుగుతోంది. శ్రుతి.

మదనపల్లెలో కింద స్టూడియో, పైన ఇల్లు. బోర్డు మీద 'హరినాథ్ స్టూడియో' అని ఉంటుంది. ఆమె భర్త హరినాథ్ పెళ్ళిళ్ళకు పోయి ఫొటోలు తీసుకొస్తాడు. ఆ తర్వాతదంతా ఉషారాణి పని. మూడు వేల ఫొటోల్లోంచి మూడు వందలు ఏరడం, పెళ్ళికూతురి మొహం మీది చెమట తుడవడం, రెప్ప వేసిన మేనమామకు ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి అతకడం, ఆల్బం అమర్చడం. పన్నెండేళ్ళుగా ఇదే. దాన్ని పని అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "ఖాళీగానే ఉండావు గదా, ఈ ఆల్బం సూడు" అంటాడు హరినాథ్, ఆమె మోచేతుల దాకా పిండి అంటుకుని ఉన్నప్పుడు. ఆల్బం చివరి పేజీలో ఆయన పేరు పడుతుంది. నాది కూడా వేయొచ్చు కదా అని పెళ్ళయిన రెండో ఏట ఒకసారి అడిగింది. "ఒక ఇంటికి రెండు పేర్లు యాల?" అన్నాడు, నవ్వుతూనే.

ఆ చివరి పేజీలోకే రెండేళ్ళ కిందట రెండో పేరొచ్చింది. శ్రుతి, కుప్పం. పెద్ద పెళ్ళిళ్ళకు డ్రోను కావాలని హరినాథ్ పిలిపించుకునే పిల్ల. భుజానికి సొంత కెమెరా, చేతిలో డ్రోను పెట్టె, వేళ్ళకు ఒక్క ఉంగరమైనా లేదు. ఆమె వస్తే హరినాథ్ పక్క అంగట్లోంచి టీ తెప్పిస్తాడు. "శ్రుతి గారు తీసింది సూడు, ఆ వెలుగు సూడు" అంటాడు, ఆ వెలుగును గంటన్నర కూర్చుని సరిచేసిన మనిషితోనే. ఆ చివరి పేజీని అమర్చేదీ ఉషారాణే. శ్రుతి అని టైపు చేసిన ప్రతిసారీ ఆమె వేళ్ళ చివర్లు మండేవి. ఇది మొగుడి మీది అనుమానం కాదు. ఆ సంగతి తెలిస్తే హరినాథ్ కొంచెం నొచ్చుకునేవాడు కూడా. ఉషారాణి ఏడ్చింది ఆ పేరు కోసం, ఆ సంచి కోసం, పని అయిపోగానే లేచి బస్సెక్కి వెళ్ళిపోయే ఆ కాళ్ళ కోసం. శ్రుతి పెట్టిన ఫొటోలను రోజూ ఫోనులో చూసేది. ఎవరైనా బాగుందని రాస్తే చదివేది. బాగాలేదని ఎవరైనా రాస్తారేమోనని ఇంకొంచెం కిందికి కూడా చూసేది.

ఆ కుళ్ళే ఆమె చేత కెమెరా పట్టించింది. హరినాథ్ పక్కన పడేసిన పాత కెమెరా బీరువాలో ఉండేది. కూరగాయలకని పోయి టమాటా మార్కెట్టులో ఆగేది. తెల్లారేసరికి ఎర్రటి గుట్టలు, ఆ గుట్టల మధ్య కాయలు ఏరే ఆడవాళ్ళు. రెడ్డెమ్మ అనే ఆమె చేతిలో పగిలిన కాయ, చెంప మీద దాని రసం. పుంగనూరులో మోకాలెత్తు ఆవు, దాని నీడలో పడుకున్న దూడ. రామకుప్పం దగ్గర ఏనుగులు తొక్కిన రాగి చేను, ఒక్క అడుగుజాడలో నిలిచిన నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం. ఇంట్లో అయితే సిద్ధమ్మ చేతులు, సంగటి ముద్ద చేస్తూ, ఆవిరిలో.

ఎవరి ద్వారా అమ్మాలో తేల్చుకోవడానికి నెల పట్టింది. మిగిలిపోయిన పెళ్ళిపత్రికల వెనక రాసుకునేది, పప్పు ఉడికేలోపు ఒకటి, కుక్కరు దించాక ఒకటి. ఒక ఏజెన్సీ ఏది పంపినా తీసుకుంటుంది, చిల్లర విదిలిస్తుంది. ఇంకొకటి ఫొటోలను నాలుగు చోట్ల పెట్టుకున్నా ఏమీ అనదు, శ్రుతి ఉన్నది అందులోనే. మూడోది ఒక పట్టాన ఒప్పుకోదు. పదింటిలో ఏడు తిప్పి పంపుతుంది, తీసుకుంటే మాత్రం మంచి వాటా ఇస్తుంది. ఒకటే షరతు, ఇచ్చిన ఫొటో ఇంకెక్కడా కనబడకూడదు. ఆ ఏజెన్సీ లక్షమంది దగ్గర కొనుక్కోవచ్చు, ఉషారాణి మాత్రం ఒక్కచోటే ఉండాలి. ఈ ఏర్పాటు ఆమెకు కొత్తేమీ కాదు. అయినా దాన్నే ఎంచుకుంది. ఎందుకంటే శ్రుతిని ఆ ఏజెన్సీ మూడుసార్లు తిప్పి పంపింది. ఆ సంగతి శ్రుతే ఒకసారి స్టూడియోలో టీ తాగుతూ చెప్పింది. తనకు దొరికి శ్రుతికి దొరకనిది ఒక్కటైనా ఉండాలి. అంతే.

మొదట అమ్ముడుపోయింది సిద్ధమ్మ చేతులు. మనుషులున్న ప్రతి ఫొటోకీ వాళ్ళ ఒప్పుకోలు కాగితం కావాలంటే సిద్ధమ్మ వేలిముద్ర వేసింది. "ఈ కాయలు కాసిన సేతులు కొనేవాడికి పెండ్లాం లేదా?" అని నవ్వింది. పుంగనూరు ఆవుకు కూడా కాగితం కావాల్సి వచ్చింది. దాని యజమాని లక్ష్మీపతి సంతకం పెడుతూ, "ఆవు ఫొటోకు నా సంతకమా? మా ఇంటిదాని ఫొటోకు ఇంతవరకూ ఎవురూ అడగలేదు గదమ్మా" అన్నాడు. రెడ్డెమ్మ మాత్రం కాగితం మీద తన పేరు రాసి, ఉషారాణమ్మ నన్ను ఫొటో తీసిందని మార్కెట్టంతా చెప్పుకుంది. ఆ చిన్న ఖాతాలో, ఆ ఫొటోల కింద, ఎవరి భార్యో కాని ఒక ఉషారాణి ఉండేది. ఇప్పుడు పది రోజుల గడువుతో ఆమె ప్రాణం వేలాడుతోంది.

కార్తీక మాసం, ఆ పొద్దు కూడా పెళ్ళి ఉంది. స్టూడియోలో ఒక ఆచారం ఉంది. ఏ పనికైనా మొదటి ఫొటో పసుపు వినాయకుడిది. ఉషారాణి పసుపు తడిపి, ముద్ద చేసి, మూడు వేళ్ళతో నొక్కి, ఇత్తడి పళ్ళెంలో తమలపాకు మీద నిలబెట్టాలి. హరినాథ్ ఫొటో తీయాలి. ఆ ఫ్రేము లేనిదే ఆయన పని ముట్టడు. ఆషాఢంలో, పెళ్ళిళ్ళే లేని నెలలో కూడా ఒక బుధవారం చేసిపెట్టమన్నాడు. తమలపాకు దొరకక పెరట్లో జామాకు కోసుకొచ్చి దాని మీద పెట్టింది. ముహూర్తాలు లేవు గదా, ఇప్పుడెందుకని అడిగితే, "కొత్త పని మొదలుపెడతాండా" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. పసుపు అంటిన వేళ్ళతోనే గిన్నెలు కడగడానికి పోయింది.

ఇవాళ ఆయన ఫొటో తీసుకునేదాకా ఆగి ఉత్తరం సంగతి చెప్పింది. ఒక కాగితం రాసి ఇస్తే చాలని చెప్పింది. హరినాథ్ కెమెరా మూత బిగిస్తూ విన్నాడు. పోతే పోయిందిలే, నీకు ఇంట్లో ఏం తక్కువ అన్నాడు. కాగితం సంగతి తర్వాత చూద్దామన్నాడు. గుమ్మం దాటుతూ ఒక మాట మాత్రం వదిలిపెట్టి పోయాడు.

"ఆ శ్రుతి మొన్న మన సిస్టం ముందర గంటసేపు కూర్చోనుండె గదా. పెన్‌డ్రైవులో ఏం ఎక్కించుకోనిందో ఎవురికి తెలుసు?"

ఎండిన గడ్డి మీద నిప్పురవ్వ పడినట్టయింది. ఆ గంటా ఉషారాణి కళ్ళ ముందు కదిలింది. తన ఫొటోల ఫోల్డరు ఆ కంప్యూటరులోనే, పెళ్ళి ఫొటోల పక్కనే ఉంది. ఏ ఏజెన్సీ శ్రుతిని మూడుసార్లు తిప్పి పంపిందో అదే తనను తీసుకుంది. ఇంకా వెతికేదేముంది? ఆమె చీర మార్చుకుంది. సాయంత్రానికి వస్తానని, సంగటి మూత కింద ఉందని సిద్ధమ్మకు చెప్పింది. పలమనేరు పెళ్ళి ఆల్బం రేపు పొద్దున్నే ఇవ్వాలి గదా అని సిద్ధమ్మ గుర్తుచేసింది. గుర్తుంది అని మెట్లు దిగింది.

బస్సులో కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. వెనక సీటులో ఒకాయన, ఆడోళ్ళకు ఊరికే వస్తే ఊరంతా తిరుగుతారని పక్కాయనకు చెప్పాడు. ఉషారాణి ఆ టికెట్టు వైపు చూస్తూ కూర్చుంది. జీవితంలో తనకు ఊరికే వచ్చినది ఇదొక్కటే. తన దగ్గర ఊరికే తీసుకున్నవాళ్ళ లెక్క ఈ బస్సుకు పట్టదు. పుంగనూరు వచ్చింది, పోయింది. పలమనేరు దాటాక గాలి చల్లబడింది కానీ ఆమె చల్లబడలేదు. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. సొంత కెమెరా ఉండి, డ్రోను ఉండి, పేరుండి, నా దగ్గర దొంగతనమా? అన్నీ ఉన్నదానికి నా నలభై ఏడు మీద కన్నెందుకు పడింది?

కుప్పంలో స్టేషను వెనక వీధిలో ఇల్లు. తలుపు తీసే ఉంది. శ్రుతి కొళాయి కింద కూర్చుని గిన్నెలు తోముతోంది. పాత నైటీ, నెత్తి మీద ముడి, మోచేతికి బూడిద. మంచం మీద ఇస్త్రీ చేయాల్సిన పిల్లల యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి. డ్రోను పెట్టె బియ్యం డబ్బా మీద ఉంది, దాని మీద ఎండుమిరపకాయల చాట.

ఉషారాణి పేర్చుకొచ్చిన మాటలన్నీ నిలబడే అనేసింది. గొంతు పెంచలేదు. పెంచకుండా అన్న మాటలే ఎక్కువ తగులుతాయని పన్నెండేళ్ళలో నేర్చుకుంది. శ్రుతి చెయ్యి కడుక్కోకుండా అలాగే వింది. తర్వాత లేచి, ముందు కూర్చోమని చాప వేసింది.

"నీ మీద కుళ్ళుకుంటినక్కా. అది నిజం. మీ అత్త సేతుల ఫొటో సూసినాక రెండు దినాలు నాకు అన్నం దిగలే. రామకుప్పం సేను నేనూ తీసినా, పైనుంచి. ఏనుగు తొక్కిన సేనంతా పడింది నా దాంట్లో. నువ్వు ఒక్క అడుగే తీసినావు. నాది తిప్పి పంపిరి. నీది తీసుకొనిరి. అంత కుళ్ళుకున్నదాన్ని దొంగతనం యాల చేస్తానక్కా? నీదాని కన్నా బాగా తీయాలని సస్తాండా."

తన మీద ఎవరైనా కుళ్ళుకుంటారన్న ఆలోచన ఉషారాణికి ఇంతవరకూ రాలేదు. అది ఒంట్లో ఎక్కడో వెచ్చగా తగిలింది, అంత కోపంలోనూ.

పెళ్ళిళ్ళు లేని రోజుల్లో వదిన ఇంటి పనంతా తన మీద వదిలి ఉద్యోగానికి పోతుందని, ఖాళీగానే ఉండావు గదా అంటుందని శ్రుతి చెప్పింది. ఖాళీ అన్న మాట దగ్గర ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఒకేసారి ఆపేశారు. తర్వాత శ్రుతి ఫోను తీసింది. ఫొటోను చూపిస్తే అది ఎక్కడెక్కడ ఉందో వెతికిపెట్టే దారి ఒకటుంది. సిద్ధమ్మ చేతులు చూపించింది. అరనిమిషంలో సైటు దొరికింది.

ఆ సైటు ఉషారాణికి బాగా తెలుసు. ఆల్బంలో వెనక వేసే పూలు, మబ్బులు, సూర్యోదయాలు ఆమె అక్కడినుంచే దించుకునేది. "కొనేదెందుకు, ఊరికే ఇచ్చే పిచ్చోళ్ళు ఉండారు గదా" అని ఆ దారి చూపించింది హరినాథే. ఎవరో కష్టపడి తీసింది ఎందుకు ఊరికే ఇస్తారా అని ఆమె చాలాసార్లు ఆశ్చర్యపోయింది.

నలభై ఏడూ ఉన్నాయి. పెట్టిన వాళ్ళ పేరేమో అర్థంలేని అక్షరాలు, అంకెలు. రెడ్డెమ్మ చెంపను వేలమంది దించుకున్నారు. శ్రుతి వేలితో కిందికి జరుపుతూ పోయింది. అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా ముందు పెట్టిన ఫొటో వచ్చింది. అది నలభై ఎనిమిదోది. ఉషారాణి తీయనిది.

ఇత్తడి పళ్ళెం. జామాకు. దాని మీద పసుపు వినాయకుడు.

ముద్ద మీద మూడు వేళ్ళ నొక్కులున్నాయి. ఉంగరపు వేలి దగ్గర కొంచెం లోతుగా. ఆ నొక్కులు ఎవరివో ఉషారాణికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎంత అలవాటు. దొంగపని కూడా విఘ్నం లేకుండా సాగాలని మొదటి ఫ్రేము దేవుడిది పెట్టాడు. ఆ దేవుణ్ణి కూడా ఆమె చేతే చేయించుకున్నాడు.

శ్రుతి కూడా చూసింది. ఆ స్టూడియోలో రెండేళ్ళు పని చేసిన మనిషికి ఆ పళ్ళెం తెలియకుండా ఉండదు. గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చింది. ఆమె తాగాక, ఇప్పుడేం చేస్తావక్కా అని అడిగింది. కాగితం రాయించుకుంటానంది ఉషారాణి.

తిరుగు బస్సులో ఆమె ఏ మాటలూ పేర్చుకోలేదు. దారిలో ఒకటే ఆలోచించింది. కెమెరా బిల్లు ఆయన పేరున ఉంది. కెమెరా లోపల నమోదైన పేరూ ఆయనదే. కంప్యూటరు ఆయనది, కరెంటు ఆయనది. లోకంలోని కాగితాలన్నీ ఏకమై ఈ ఫొటోలు హరినాథ్‌వే అంటాయి. కెమెరా సొంతదారుగా అవి ఆమెవి అని సంతకం చేయగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఒకప్పుడైతే ఇంతటితో ఏడ్చి ఊరుకునేది. ఇప్పుడు రెండు రోజులు అన్నం దిగని ఆ కుప్పం పిల్ల మాట గుర్తొచ్చింది. అంత బాగా తీసినదాన్ని అంత తేలిగ్గా వదులుకోకూడదు అనిపించింది.

దీపాల వేళకు ఇల్లు చేరింది. హరినాథ్ పెళ్ళినుంచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పలమనేరు వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారని, యాడికి పోయినావని చిరాకుపడ్డాడు. ఆమె పెరట్లోకి పోయి జామాకు కోసింది. పసుపు తడిపింది. ముద్ద చేసి, మూడు వేళ్ళతో నొక్కి, ఆకు మీద నిలబెట్టి, పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటికి ఇప్పుడు?" అన్నాడు.

"కొత్త పని మొదలుపెడతాండా."

హరినాథ్ జామాకును చూశాడు. మొహంలో రంగు ఒక్కో మెట్టూ దిగింది.

ఉషారాణి తెల్లకాగితం, పెన్ను తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. సిద్ధమ్మను కిందికి పిలిచింది, సాక్షి వేలిముద్రకు. పలమనేరు ఆల్బం ఈ కాగితం మీద మీ సంతకం పడ్డాకే కదులుతుందని చెప్పింది. ఆ తర్వాతి ఆల్బం కదలాలంటే చివరి పేజీలో రెండు పేర్లుండాలని చెప్పింది. ఇకమీదట తన ఫొటోలు ఎక్కడ పెట్టాలో, ఎన్ని చోట్ల పెట్టాలో తనే చూసుకుంటానని, ఒక్కచోటే ఉంటానని ఇంక ఎవరికీ రాసివ్వనని కూడా చెప్పింది. స్టూడియో కాగితాలన్నీ ఆయన చెబుతూ ఉంటే రాసేది ఆమే కాబట్టి ఇది కూడా అలాగే రాస్తానంది.

"మీరు చెప్పండి. నేను రాసుకుంటా."

సిద్ధమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది, ఆకు మీది పసుపు ముద్దను చూసింది. "సెప్పు నాయినా" అంది.

హరినాథ్ కంప్యూటరు వైపు తిరిగే మాట్లాడాడు.

"రాసుకో. నేనే పెట్టినా. ఒక్క పైసా రాలేదు నాకు, దానికోసం గాదు. మండీ మునస్వామి టమాటా మార్కెట్లో పదిమంది ముందర, ఉషారాణి మొగుడు గదా నువ్వు అనె. ఇరవై ఏండ్లు ఈ ఊర్లో కెమెరా మోసినా, నా పేరు అంతలోనే పోయింది. ఇంటికొచ్చి నీ ఫొటోలన్నీ తెరిచినా. తప్పు ఎతుకుదామని ఒక్కొక్కటీ సూసినా. ఒక్కటన్నా బాగలేకుంటే ఊరుకుందునేమో. శ్రుతి మీద యాల చెప్పినానంటే, నువ్వు తొందరగా నమ్ముతావని తెలుసు కాబట్టి. అన్నీ తీసి ఊరికే పంచేస్తి. ఊరికే దొరికేదాన్ని ఎవురు కొంటారు? ఇన్నేండ్లు ఇంట్లో నువ్వు ఊరికే చేస్తాంటివి గదా, నేను ఒక్కనాడన్నా కొన్నానా?"